దర్శనమయ్యాక ఇంకేం చూడాలి?

స్వామి ఎదుట నిలబడే ఆ రెండు మూడు క్షణాల్లో సగంమంది కళ్లు మూసుకునే ఉంటారు. గంటలకొద్దీ క్యూలో నలిగి, కంపార్ట్‌మెంటు తలుపు ఎప్పుడు తీస్తారా అని కాచుకుని, నిద్రపోతున్న పిల్లల్ని ఈ భుజం మీది నుంచి ఆ భుజం మీదికి మార్చుకుంటూ మోసి, తీరా ఎదురుపడేసరికి చేతులు జోడించి రెప్పలు వాల్చేస్తారు. "జరగండి, జరగండి" అన్న కేకకు కళ్లు తెరిస్తే స్వామి అప్పటికే వెనకబడిపోయి ఉంటాడు. దీన్ని నేను తప్పుపట్టను. భక్తిలో కళ్లకు పని తక్కువే. కానీ కొండ దిగి మా లాడ్జికి వచ్చాక ఆ మనుషులే కౌంటరు మీద మోచేతులు ఆనించి అడుగుతారు: "దర్శనం బాగా అయింది సార్. రైలు రాత్రికి. ఈ ఊళ్లో ఇంకేం చూడాలి?"

మా లాడ్జి తిరుపతి పాత ఊళ్లో, గోవిందరాజస్వామి గుడికి నడిచిపోయేంత దూరంలో ఉంది. కౌంటరు అద్దం కింద ట్రావెల్స్‌వాళ్ల కార్డు ఉంటుంది. తిరుచానూరు, శ్రీనివాస మంగాపురం, అప్పలాయగుంట, కాణిపాకం, శ్రీకాళహస్తి, కారుకింత, తలకింత. అన్నీ మంచి గుళ్లే. నూటికి తొంభైమందికి ఆ కార్డు చాలు. వాళ్లకు కావలసింది మరో హారతి, మరో తీర్థం, మరో ప్రసాదం. మిగిలిన పదిమందీ వేరు. 'చూడాలి' అనే మాటను వాళ్లు ఒత్తి పలుకుతారు. అలాంటివాళ్లు దొరికితే నాకు పండగే. కార్డు చూపించను. తాళం చెవులు రూమ్‌బాయ్‌కి అప్పగించి, "ముందు మేడ మీదికి రండి" అంటాను.

నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి ఉత్తరానికి తిరిగితే ఊరి పొడవునా కొండ. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు 'కొండ' అని ఊరుకుని దాన్ని చూడటం ఎప్పుడో మానేశారు. కొత్తవాళ్లు శేషుడి పడగల కోసం వెతుక్కుంటారు. పడగల సంగతి తర్వాత. ముందు ఆ రాయిని చూడండి. పైభాగమంతా నిట్టనిలువు బండ, పొరమీద పొరగా, ఎరుపుకీ గోధుమరంగుకీ మధ్య. అది ఉన్నట్టుండి ఒకచోట తెగిపోయి, కింద వాలు మొదలవుతుంది. తుప్పలూ చెట్లూ కప్పుకుని నిదానంగా ఊరి మీదికి దిగుతుంది. నిలువు ఆగేచోటు, వాలు మొదలయ్యేచోటు, ఆ రెండూ కలిసే గీత చాలా దూరం ఇంచుమించు ఒకే మట్టంలో సాగుతుంది. ఒకసారి ఆ గీత కంటికి చిక్కిందంటే ఇక కొండ మునుపటి కొండలా కనిపించదు.

కింద ఉన్నది గ్రానైటు, పైన ఉన్నది క్వార్ట్‌జైటు. రెండింటికీ మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల ఎడం. గ్రానైటు ముందు పుట్టి, ఎండకూ వానకూ అరిగి అరిగి చదునైపోయింది. ఆ చదును మీద ఎన్నో యుగాల తర్వాత నీళ్లు ఇసుకను పరిచిపోయాయి. ఇసుక బిగిసి పైబండ అయింది. నడుమ గడిచిన కాలానికి రాతిలో లెక్కాజమా ఏమీ లేదు, ఆ గీత తప్ప. భూగర్భశాస్త్రంవాళ్లు దీన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దీన్ని జాతీయ భూగర్భశాస్త్ర స్మారకంగా ప్రకటించింది. ఘాట్ రోడ్డులో బోర్డు కూడా ఉంది కానీ, అది చదివేలోగా బస్సు మలుపు తిరిగేస్తుంది. అలిపిరి మెట్లెక్కేవాళ్లు ఆ గీతను కాళ్లతోనే దాటుతారు. మోకాళ్ల నొప్పిలో, గోవింద నామాల్లో ఎవరూ గమనించరు. పసుపూ కుంకుమా పెట్టుకుంటూ పోయే ఆడవాళ్ల వేలికి ఒక మెట్టు దగ్గర పాత కాలమూ, ఇంకాస్త పైన కొత్త కాలమూ తగులుతుందని తలుచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

చూడటానికి వేళ ఉంది. మే నెలలో వచ్చి "కొండ బూడిదరంగులో చప్పగా ఉందే" అనేవాళ్లుంటారు. ఆ నెలలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిన, ఒకింత ఉత్తరానికే ఒరిగి ఉంటాడు. ఊరివైపు తిరిగిన బండ మీద వెలుగు ఏటవాలుగా పడదు, పొరకూ పొరకూ మధ్య నీడ పుట్టదు. డిసెంబరు, జనవరిల్లో రండి. సూర్యుడు దక్షిణానికి దిగిపోయి ఉంటాడు గనక, సాయంత్రం ఎండ తిన్నగా కొండ ముఖం మీదికే వస్తుంది. నాలుగున్నర నుంచి పొరలు ఒక్కొక్కటీ నీడ గీసుకుని విడివిడిగా లేస్తాయి. అయిదు దాటాక రాయి లోపలి నుంచి కాలుతున్నట్టు ఎర్రబడుతుంది. ఆ ఎరుపు ఎక్కువసేపు నిలవదు, కాఫీ కిందనే తాగి రండి. చీకటి పడ్డాక గాలిగోపురం మీది నామమూ శంఖుచక్రాలూ వెలుగుతాయి. మెట్లదారి దీపాల వరసగా కనిపిస్తుంది. అది అందరికీ నచ్చుతుంది. నాకు మాత్రం దీపాలు రాకముందు, ఎరుపు పోయాక, కొండ నీలంగా మారే నడిమివేళే ఇష్టం.

పైన శిలాతోరణం చూడలేదా అని అడుగుతారు. చూడండి. రెండు వేర్వేరు రాతిగుట్టలను ఒక సన్నని బండ కలుపుతూ, 25 అడుగుల వెడల్పున, 10 అడుగుల ఎత్తున తనంతట తానే నిలిచిన తోరణం అది. చుట్టూ కంచె వేసి, పూలమొక్కలు నాటి, పార్కులాగా చేశారు. ఎదురుగా నిలబడి ఫోటోలు దిగుతారు అందరూ. పక్కకు నడిచి, ఆ సన్నని బండ ఎంత సన్నమో అక్కడి నుంచి చూడాలి.

రాయి మనిషి చేతికి మొదట అందేచోటు కపిలతీర్థం. వాన పడ్డాక వెళ్లండి, వీలైతే వాన పడుతుండగానే. మాకు పెద్ద వానలు శ్రావణంలో రావు. బంగాళాఖాతంలో వాయుగుండం లేచిందన్న వార్త వచ్చాక, ఆశ్వయుజ కార్తీకాల్లో వస్తాయి. మామూలు రోజుల్లో సన్నని ధారగా జారే నీళ్లు అప్పుడు కొండ మీది నుంచి తెల్లగా విరుచుకుని కోనేట్లోకి దూకుతాయి. ఉధృతి ఎక్కువైతే స్నానాలకు దిగనివ్వరు. మంచిదే. చాలామంది ధార కిందికి పోవాలని తహతహలాడతారు గానీ, ధార కింద నిలబడ్డవాడికి ధార కనిపించదు.

మీరు ఎదుటి మంటపంలోకి పోండి. ముందు వరస స్తంభాల దగ్గర ఆగకండి, వెనక్కి జరగండి. అప్పుడు రెండు స్తంభాల నడుమ నీటిధార, దాని వెనక నల్లగా తడిసిన కొండ, ముందు మెట్ల వరసలు, అన్నీ ఒకదానికొకటి సరిపోతాయి. హోరు రాతికప్పు కిందికి చేరి రెండింతలై వినబడుతుంది; మాట్లాడాలంటే చెవిలో అరవాలి. ఆ కొండ ఏ ఉలీ తాకని ముఖంతో కోనేటి అంచుదాకా వచ్చేస్తుంది. అక్కడి నుంచి మెట్టు మొదలు. 16వ శతాబ్దంలో అచ్యుతరాయల హయాంలో ఈ మెట్లూ సంధ్యావందన మంటపాలూ కట్టారు. కట్టినవాడు ఎంత గడుసువాడో చూడండి. కొండను చెక్కి లొంగదీయాలని చూడలేదు. కొండకు ఒక వైపు పూర్తిగా వదిలేశాడు, మిగతా వైపుల తన కొలతలు తాను పెట్టుకున్నాడు. నీళ్లు ఆ వైపు దుమికి, ఈ వైపుకు వచ్చేసరికి మెట్టు మీద మెల్లగా నాకుతూ సద్దుమణుగుతాయి. శైవులు కపిలతీర్థమంటే వైష్ణవులు ఆళ్వారు తీర్థమన్నారు. ఏ పేరైనా సరే, మన దేశంలో ప్రకృతినీ కట్టడాన్నీ ఇంత మర్యాదగా ఎదురెదురు కూర్చోబెట్టిన చోట్లు తక్కువ.

ఇక మా గోవిందరాజస్వామి గోపురం. లాడ్జిలో దిగినవాళ్లు దాని కిందనుంచే అటూ ఇటూ నడుస్తారు. పూలు కొంటారు, చెప్పులు వదులుతారు, ఆటో మాట్లాడుకుంటారు. తలెత్తేవాళ్లు తక్కువ. ఎత్తినా కిందికొచ్చి ఎత్తుతారు, అక్కడి నుంచి ఏమీ కనబడదు. గోపురం దూరంనుంచి చూడటానికి కట్టింది. తూర్పువీధిలో వీలైనంత వెనక్కి పోండి. పొద్దున ఆరున్నరా ఏడు మధ్య, దుకాణాల షట్టర్లు ఇంకా లేవకముందు. గోపురం తూర్పు ముఖం. తొలి ఎండ ముందు శిఖరం మీద పడి, ఒక్కో అంతస్తే దిగుతుంది. ఏడు అంతస్తులు, ఇంచుమించు 50 మీటర్లు. మధుర గోపురాల్లాగా రంగురంగుల బొమ్మలతో కిక్కిరిసి ఉండదు. లేతరంగు గోపురం కాబట్టి దాని పని అంతా వెలుగే చేస్తుంది. ప్రతి అంతస్తు నడుమా ఒక గవాక్షం, చీకటి చతురస్రం. కిందిది పెద్దది, పైకి పోయేకొద్దీ చిన్నది. కన్ను ఆ చీకటి గళ్ల మీదుగా నిచ్చెనెక్కినట్టు ఎక్కుతుంది. గోడలు ఒక్కో అంతస్తుకూ కొద్దికొద్దిగా లోపలికి ఒదుగుతాయి. ఆ ఒదుగుదల ఎక్కడా తొందరపడదు, ఎక్కడా జాగు చేయదు. ఇంత బరువును చూస్తున్నామన్న సంగతి మరిచిపోతాం.

ఇప్పుడు నడవండి, మెల్లగా. ఒక్కో పాతిక అడుగులకూ ఒక్కో పై అంతస్తు కిందిదాని వెనక దాక్కుంటుంది. శిఖరం పోతుంది, గవాక్షాలు పోతాయి, చివరకు మీ ముందు రాతి వాకిలి ఒక్కటే మిగులుతుంది. దూరాన ఉన్నప్పుడు ఊరందరికీ కనిపించినది, దగ్గరికి రాగానే మనిషి ఎత్తుకు తగ్గిపోతుంది. వాకిట్లో ఆగితే వెనకవాళ్లు తోస్తారు, అందుకని పక్కకు జరిగి గోడలు చూడండి. రామాయణ ఘట్టాలుంటాయి. వాటితో పాటు గోపురం కట్టించిన మట్ల అనంతరాజూ ఆయన రాణులూ. అది 17వ శతాబ్దం. విజయనగరం హంపీలో కూలిపోయి, పెనుగొండకు మారి, అక్కడి నుంచి చంద్రగిరికి చేరి, చితికిపోతున్న రోజులు. చక్రవర్తులకే గతి లేని కాలంలో సిద్ధవటం వైపు నుంచి ఒక సామంతుడు వచ్చి ఇంత ఎత్తు గోపురాన్ని నిలబెట్టాడు. ఏ ధైర్యంతో నిలబెట్టాడో నాకు అంతుపట్టదు. గోపురం చూస్తే మాత్రం కూలిపోతున్న కాలపు కంగారు దానిలో ఒక్క ఇటుకలోనూ కనబడదు.

లోపల మరో గోపురం, దీనికన్నా పాతది, దీనికన్నా పొట్టిది. దాన్ని దాటితే వెలుగు తగ్గుతుంది, కప్పు దిగుతుంది, గాలిలో నూనె దీపం వాసన చేరుతుంది. చివర గోవిందరాజులు పడుకుని ఉంటాడు, తలకింద కుంచం పెట్టుకుని. తమ్ముడి పెళ్లికి కుబేరుడి దగ్గర తెచ్చిన అప్పుకు వచ్చిన కానుకలన్నీ కొలిచి కొలిచి అలిసిపోయి, ఆ కొలపాత్రనే తలగడగా చేసుకున్నాడని మా ఊరివాళ్లు చెబుతారు. రామానుజులవారు 12వ శతాబ్దంలో ప్రతిష్ఠించినప్పటి శాస్త్రకారణాలు వేరే ఉంటాయి. నాకు కుంచం కథే బాగుంటుంది. రోజంతా చిల్లర లెక్కపెట్టి ఆ గల్లాపెట్టె పక్కనే తల వాల్చేవాళ్లు మా వీధినిండా ఉన్నారు.

కొండకు ఇంకా పోనివాళ్లు అడిగితే మాత్రం రెండే రెండు మాటలు చెబుతాను. మహాద్వారం దాటేటప్పుడు తల వంచుకోకండి, కుడివైపు గోడ మీదికి చూడండి. ఒక గునపం వేలాడుతుంది. చెరువు తవ్వుతున్న అనంతాళ్వారు, సాయం చేయవచ్చిన పసివాడి మీద కోపం తెచ్చుకుని విసిరిన గునపమది. ఆ పసివాడు స్వామేననీ, ఆ దెబ్బ తగిలినందుకే ఆయన చుబుకానికి ఇప్పటికీ పచ్చకర్పూరం పెడతారనీ ఐతిహ్యం. బంగారు వాకిలీ బంగారు విమానమూ ఉన్న గుడిలో, తొలి వాకిట్లోనే ఒక తుప్పు రంగు పనిముట్టును ఉంచారంటే, ఆ ఉంచినవాళ్ల రుచికి దండం పెట్టాలి.

రెండోది, లోపల అడుగుపెట్టగానే కుడిచేతి మంటపం. శ్రీకృష్ణదేవరాయలు, అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి. 1517లో తానే పెట్టించుకున్న లోహపు విగ్రహాలు. నెత్తిన పొడుగాటి కుళ్లాయి, చేతులు జోడించి, నడుము నిటారుగా. సినిమాల్లో చూసి చూసి మన మనసులో పడిపోయిన మీసాల రాయలు కాదు ఇతను. పొడగరి కూడా కాదు. ముఖంలో గర్వం లేదు, వినయం ఒలకబోయడం కూడా లేదు. పనిమీద వచ్చి తన వంతు కోసం నిలబడ్డ మనిషి ముఖం. కటకం దాకా గెలిచివచ్చినవాడు వాకిట్లో నిలబడి, వచ్చేపోయే జనానికి దారి వదిలి, ఐదు వందల ఏళ్లుగా లోపలికి చూస్తూ ఉన్నాడు. క్యూ మిమ్మల్ని తోసుకుపోతుంది. ఒక్క చూపు చాలు. రాణుల కొప్పు ముడుల పనితనం ఆ ఒక్క చూపుకు అందదు, దాని కోసం ఇంకోసారి రావలసిందే.

మేలో ఎండలకు మాత్రం భయపడకండి. ఆ నెల మా గంగమ్మ జాతరది. తాతయ్యగుంట గంగమ్మ వేంకటేశ్వరస్వామికి చెల్లెలు, కొండమీది నుంచి సారె వస్తుంది. చాటింపు వేశాక వారం రోజులు ఊరు ఊరుగా ఉండదు. బొమ్మల కొలువులాంటి ఉత్సవమనుకుని రావద్దు, ఇక్కడ మనుషులే బొమ్మలవుతారు. మొదట బైరాగి వేషం: ఒళ్లంతా నామంసుద్ద, తెల్లగా. తర్వాత బండవేషం: ఒళ్లంతా కుంకుమ, నోటినిండా బూతులు. ఆ తర్వాత తోటివేషం: బొగ్గు పూసుకుని నల్లగా. ఆపైన దొరవేషం: గంధం. తెలుపు, ఎరుపు, నలుపు, గంధపురంగు. ఏ చిత్రకారుడు చెప్పాడో ఈ వరస! రోజుకొక రంగు చొప్పున ఊరు ఊరంతా మారుతుంటే, ఇది పాళెగాణ్ణి వెతికి చంపడానికి అమ్మవారు వేసిన మారువేషాల కథ అన్నది కాసేపు మరిచి, ఆ రంగుల్నే చూస్తూ ఉండిపోతాను. తర్వాత మాతంగి వేషం, సున్నపుకుండలు. చివరికి మగవాళ్లు చీరలు కట్టుకుని, జడలు వేసుకుని, కాటుక దిద్దుకుని గుడికి వస్తారు. బాగా చూడవలసింది గుడి దగ్గర కాదు, గుడికి వచ్చే సందుల్లో. మీసాలు దువ్వుకున్న పెద్దమనిషి టీకొట్టు ముందు నిలబడితే, వాళ్ల అమ్మ కుచ్చిళ్లు సర్దుతూ "కదలొద్దురా, జారిపోతాది" అని కసురుతుంటుంది. వాడు గాజుల చేత్తో టీగ్లాసు పట్టుకుని ఊదుకుంటూ తాగుతుంటాడు. ఎవరూ నవ్వరు. ఆ నవ్వకపోవడంలోనే ఉంది జాతర అందమంతా. ఆఖరున బంకమట్టితో అమ్మవారి విశ్వరూపం చేస్తారు. తెల్లవారకముందే చెంప నరుకుతారు, మట్టి కోసం జనం ఎగబడతారు. చేసింది చేసినట్టు ఉంచుకోవాలన్న యావ లేని శిల్పం అది.

చంద్రగిరి కోట గురించి తక్కువే చెబుతాను, అది తన గురించి తానే చెప్పుకోగలదు. రాజమహల్ మూడంతస్తులు, రాయీ ఇటుకా సున్నమూ తప్ప కలప వాడలేదంటారు. కింద వరసలన్నీ తురకల కమానులు, పైన శిఖరాలు మన గుడి విమానాలు. రెండూ పోట్లాడుకోకుండా కూర్చున్నాయి. చెన్నపట్నం పుట్టుకకు మూలమైన 1639 నాటి పట్టాకు ఈ మహల్‌కూ సంబంధం చెబుతారు. లోపల పురావస్తుశాఖ మ్యూజియం ఉంది. ఇవన్నీ చూసి బయటికొచ్చాక, వెనకనున్న కొండను చూడండి. గుండ్రాళ్లు, ఒకదాని మీద ఒకటి. మేడ మీది నుంచి చూపించిన ఆ గీతకు కింది గ్రానైటు జాతి రాయే ఇది, నెత్తిన పొర లేక ఎండకూ వానకూ గుండ్రబడింది. తిరుమల కొండ గీతలు, చంద్రగిరి కొండ గుండ్లు. ఇరవై నిమిషాల ఆటో దూరంలో రెండు లోకాలు.

శ్రీకాళహస్తి ఎలాగూ పోతారు. గర్భగుడిలో గాలి చొరబడే దారి లేకపోయినా రెపరెపలాడే దీపం కోసం పోతారు. గుడి బయట ఉన్న రాజగోపురం కొత్తది. 1516లో రాయలు కట్టించిన పాతగోపురం 2010 మే 26 రాత్రి కుప్పకూలింది. ఆ స్థానంలోనే మళ్లీ కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. పని శుద్ధంగా ఉంది, లోపం ఎంచలేను. మా గోవిందరాజుల గోపురాన్ని దూరంనుంచి చూడమని అంతగా ఎందుకు పట్టుబడతానో మాత్రం ఆ చోట నిలబడితే మీకే తెలుస్తుంది.

చివరికి గుడిమల్లం. "ఆడేముండాది సామీ, ఒక రాయి తప్ప" అంటాడు మా వీధి చివర ఆటో అబ్బాయి. నిజమే అంటాను, ఆ రాయి కోసమే. రేణిగుంట దాటి, పాపానాయుడుపేట మీదుగా, పొలాల మధ్య. దారిలో ఆ పేట గాజుపూసలకు పేరుపడ్డ ఊరని మాత్రం గుర్తుంచుకోండి. కొలిమిలో కరిగిన గాజును సన్నని గొట్టంగా లాగి పూసలు తరిగే పాత విద్య అక్కడి ఇళ్లలో బతికింది.

గుడి చిన్నది. చుట్టూ తిరిగితే వెనక భాగం ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది, గజపృష్ఠమంటారు. లోపల నేల దిగుతుంది. గర్భగుడి మనం నిలబడ్డ చోటికన్నా లోతు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా తొందరపడకండి. వీలైతే అలంకారం చేయకముందే పోండి. హారతి పళ్లెం ఎదురుగా కాకుండా కొంచెం పక్కగా పట్టమని అయ్యగారిని బతిమాలండి. వెలుగు పక్కనుంచి పడినప్పుడే ఆయన రాతిలోంచి బయటికి వస్తాడు.

అయిదడుగుల ఎత్తు లింగం. లింగమంటే మనం గుళ్లలో చూసే నున్నటి గుండ్రాయి కాదు. పురుషాంగాన్ని ఏ దాపరికమూ లేకుండా చెక్కిన రాయి, ముదురు రంగు, మెరుగు పెట్టినది. దాని ముందు భాగంలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మనిషి అనే అంటాను. నాలుగు చేతులు లేవు, రెండే. జంధ్యం లేదు. వెడల్పాటి ముఖం, తలపాగాలా చుట్టిన జుట్టు, చెవులకు బరువైన పోగులు. ఎడమ భుజం మీద గొడ్డలి, ఎడమచేతిలో చిన్న కుండ. కుడిచేత్తో వెనక కాళ్లు పట్టుకుని ఒక పొట్టేలును తలకిందులుగా వేలాడదీసి ఉన్నాడు. నడుముకు పలుచని బట్ట. ఎంత పలుచనంటే శిల్పి బట్టనూ చెక్కాడు, బట్టలోంచి తొడల కండనూ చెక్కాడు. కుచ్చిళ్లు కాళ్ల మధ్యకు జారాయి. కాళ్ల కింద ఒక మరుగుజ్జు కూర్చుని భుజాల మీద ఆయన్ను మోస్తున్నాడు.

నిలబడ్డ తీరు చూడండి. తపస్సు లేదు, తాండవం లేదు, అభయహస్తం లేదు. ఎవరికీ ఏమీ ఇవ్వబోవడం లేదు, ఎవర్నీ బెదిరించడమూ లేదు. పొట్టేలు బరువుకు భుజం వంగలేదు. అడవి నుంచి వేట తీసుకుని ఇంటికొచ్చి వాకిట్లో నిలబడ్డ మొగవాడి నిబ్బరం అది. ఇప్పటికీ మా చిత్తూరు పల్లెల్లో సంత నుంచి పొట్టేలును తెచ్చేవాడు ఇలాగే భుజాలు విప్పి నడుస్తాడు. ఎక్కువమంది పండితులు దీన్ని క్రీస్తుకు పూర్వం రెండు, ఒకటి శతాబ్దాల నాటిదంటారు. అంత పాతది కాదనేవాళ్లూ ఉన్నారు. 20వ శతాబ్దం తొలి రోజుల్లో టి.ఎ.గోపీనాథరావు హిందూ విగ్రహాల మీద రాసిన గ్రంథంలో దీని గురించి వివరంగా రాశాక పండితలోకం కన్ను దీని మీద పడింది. 1954 నుంచి పురావస్తుశాఖ రక్షణలో ఉంది. తేదీ ఏదైనా కానివ్వండి, శివుడికి పురాణాలు నగలన్నీ తొడగకముందు నాటి రూపం ఇది. మూడో కన్ను లేదు, గంగ లేదు, పాము లేదు. అవి లేవని వెలితి అనిపించకపోవడమే శిల్పి గెలుపు.

ఇంకో మాట. ఇక్కడికి దగ్గర్లోనే, స్వర్ణముఖి ఒడ్డున, శ్రీకాళహస్తిలో కన్నప్ప తన కన్ను పెకిలించి శివుడికి ఇచ్చాడని కథ. కన్నప్ప బోయవాడు, వేటమాంసం నైవేద్యం పెట్టినవాడు. పండితులు ఆ కథను భక్తి పరాకాష్ఠ అంటారు. గుడిమల్లంలో నిలబడి చూస్తే నాకు వేరేలా తోస్తుంది. ఈ చుట్టుపక్కల దేవుడే వేటగాడిలా నిలబడ్డాడు; ఆయనకు వేటగాడి మాంసం ఎంగిలి ఎలా అవుతుంది? ఇది చరిత్రకారుల మాట కాదు, లాడ్జి గుమాస్తా మాట. కానీ రెండింటినీ ఒకేరోజు చూసినవాళ్లు నాతో పోట్లాడలేదు.

కొండ మీది గీతలో రాయి మనిషిని ఎరగదు. కపిలతీర్థంలో మనిషికి ఒక మెట్టు ఇచ్చింది. ఇక్కడికి వచ్చేసరికి రాయే మనిషై, చేత పొట్టేలుతో, కనురెప్ప వేయకుండా మనల్ని చూస్తోంది. అందుకే గుడిమల్లం చివర పెడతాను. మొదట చూస్తే మిగతావి ఆనవు.

గుడిమల్లం నుంచి మళ్లీ తిరుపతికి రావద్దు. గది పొద్దునే ఖాళీ చేసి సామాను వెంట తీసుకుపోండి. అక్కడి నుంచి రేణిగుంట జంక్షనే దగ్గర, చాలా బళ్లు ఆగుతాయి. టికెట్టు తిరుపతి నుంచి తీసి ఉంటే బోర్డింగ్ స్టేషన్ రేణిగుంటకు ముందే మార్పించుకోండి. లేకుంటే మీరు రాలేదనుకుని టీసీ మీ బెర్తు ఇంకొకరికి ఇచ్చేస్తాడు.